‘గుర్తింపు ఉన్న కళాశాల’ అంటే ఏ గుర్తింపు?

ప్రశ్న: మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. నేను జూట్ మిల్లు కార్మికుడిని. మా పెద్దమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చింది, కంప్యూటర్ సైన్స్ చదువుతానంటోంది. రెండు ఇంజినీరింగ్ కళాశాలల పీఆర్ఓలు మా ఇంటికి వచ్చి వెళ్లారు. మొదటి ఆయన తమది న్యాక్ ‘ఏ’ గ్రేడు కళాశాల అని, గుర్తింపు లేని చోట చదివితే డిగ్రీ చెల్లదని చెప్పారు. రెండో ఆయన తమకు ఎన్‌బీఏ ఉందని, న్యాక్ కంటే అదే గొప్పదని అన్నారు. మాకు దగ్గరలోనే మూడేళ్ల కిందట పెట్టిన ఇంకో కళాశాల ఉంది, దానికి ఈ రెండూ లేవు. మొదటి ఆయన పది వేలు అడ్వాన్సు, ఇంటర్ మార్కుల జాబితా ఒరిజినల్ ఇప్పుడే ఇచ్చేయమంటున్నారు. ఈ గుర్తింపులు ఎవరిస్తారు, ఎలా ఇస్తారు, మా అమ్మాయి చదువుకు వీటితో నిజంగా పని ఉందా? దయచేసి తెలియజేయగలరు.
— ఒక తండ్రి, విజయనగరం జిల్లా

సమాధానం: అయ్యా, మీ ఉత్తరంలో తొందరపడవలసిన విషయం ఒక్కటే ఉంది కనుక ముందు అది చెప్పి మిగతా సంగతికి వస్తాను. ఒరిజినల్ మార్కుల జాబితాను ఎవరికీ ఇవ్వకండి. కళాశాలలు విద్యార్థుల అసలు పత్రాలను తమ దగ్గర ఉంచుకోరాదని, ప్రవేశ సమయంలో సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చేయాలని ఉన్నత విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018లోనే స్పష్టంగా ఆదేశించింది. కన్వీనర్ కోటాలో సీటు వచ్చేది మీ అమ్మాయి ర్యాంకును బట్టి, మీరు పెట్టుకున్న వెబ్ ఆప్షన్ల క్రమాన్ని బట్టి మాత్రమే. దానికి కళాశాలకు ముందుగా అడ్వాన్సు కట్టవలసిన పని లేదు. మార్కుల జాబితా వాళ్ల బీరువాలోకి వెళ్లిందంటే, రేపు మరో కళాశాలలో సీటు వచ్చినా మీరు వాళ్ల గుమ్మం దగ్గర నిలబడవలసి వస్తుంది.

ఇక గుర్తింపు సంగతి. ఇందులోని తికమక చాలావరకు మన మాటలోనే ఉంది. కళాశాల పెట్టుకోవడానికి ఇచ్చే అనుమతినీ, విశ్వవిద్యాలయం ఆ కళాశాలను తనతో చేర్చుకునే అనుబంధాన్నీ, కొన్నేళ్లు నడిచాక దాని నాణ్యతను పరిశీలించి ఇచ్చే అక్రిడిటేషన్‌నూ తెలుగులో మనం ‘గుర్తింపు’ అనే ఒక్క మాటతోనే పిలుస్తున్నాం. మూడూ వేరు, మూడింటినీ ఇచ్చేవారు వేరు, ఒకటి లేకపోతే కలిగే నష్టం మరొకటి లేకపోతే కలిగే నష్టం వంటిది కాదు. మీ ఇంటికి వచ్చిన ఆయన మూడో దాన్ని గురించి మాట్లాడుతూ మొదటి రెండూ లేకపోతే కలిగే భయాన్ని మీకు కలిగించారు.

ఇంజినీరింగ్ కళాశాల నడవాలంటే 1987 నాటి చట్టం కింద పనిచేస్తున్న, సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతి ఉండాలి. ఆ తర్వాత విశ్వవిద్యాలయం అనుబంధం ఉండాలి. మన వైపు ఇంజినీరింగ్ కళాశాలలకు 2022లో ఏర్పడిన విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ ఆ అనుబంధం ఇస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని బీఏ, బీఎస్సీ కళాశాలలకైతే 2008లో ఎచ్చెర్లలో ఏర్పడిన డాక్టర్ బీఆర్ అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఇస్తుంది. డిగ్రీ పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయమే, కళాశాల కాదు. అందువల్ల ఏఐసీటీఈ అనుమతి, విశ్వవిద్యాలయ అనుబంధం రెండూ ఉన్న కళాశాలలో చదివిన డిగ్రీ, ఆ కళాశాలకు న్యాక్ లేకపోయినా, ఎన్‌బీఏ లేకపోయినా, ఉద్యోగానికీ పై చదువుకూ చెల్లుతుంది. ‘డిగ్రీ చెల్లదు’ అన్న మాట తప్పు. ఆ మాటతో ఇంకెవరైనా మీ గుమ్మం తొక్కితే, అనుమతి పత్రం, ఈ విద్యా సంవత్సరపు అనుబంధ పత్రం చూపించమని అడగండి. అనుబంధం కొత్త కోర్సులకు విడిగా తీసుకోవలసి ఉంటుంది కనుక, మీ అమ్మాయి చేరబోయే కోర్సు పేరు ఆ పత్రంలో ఉందో లేదో కూడా చూడాలి.

మూడోది అక్రిడిటేషన్. ఇది ఎలా వస్తుందో కాస్త వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే వచ్చే విధానం తెలిస్తేనే దాని విలువ ఎంతో, హద్దు ఎక్కడో అర్థమవుతుంది. న్యాక్ యూజీసీ కింద 1994లో ఏర్పడిన స్వయంప్రతిపత్తి గల సంస్థ, కేంద్ర కార్యాలయం బెంగళూరులో ఉంది. ఏ కళాశాల అయినా రెండు బ్యాచ్‌ల విద్యార్థులు చదువు ముగించుకుని బయటికి వెళ్లాక గానీ, లేదా ఆరేళ్లు నిండాక గానీ మాత్రమే దీనికి దరఖాస్తు చేసుకోగలదు. బీటెక్ నాలుగేళ్ల చదువు కనుక రెండు బ్యాచ్‌లు బయటికి రావడానికే అయిదేళ్లు పడుతుంది. మీ ఇంటి దగ్గరి మూడేళ్ల కళాశాలకు న్యాక్ లేకపోవడం దాని తప్పు కాదు, దానికి ఇంకా ఆ వయసు రాలేదు. అయితే 2012 నాటి యూజీసీ నిబంధనలు అర్హత వచ్చిన ప్రతి కళాశాలా మూల్యాంకనం చేయించుకోవాలని చెబుతున్నాయి. పదిహేనేళ్లుగా నడుస్తూ ఇప్పటికీ న్యాక్ లేని కళాశాల ఎదురైతే ఎందుకు లేదని గట్టిగా అడగవలసిందే.

దరఖాస్తు అంగీకరించాక కళాశాల తన గురించి తానే ఒక నివేదిక రాసుకోవాలి. దాన్ని ఎస్‌ఎస్‌ఆర్ అంటారు, అంటే స్వీయ అధ్యయన నివేదిక. నేను చూసిన విధానంలో దరఖాస్తు ఆమోదం పొందిన 45 రోజుల్లో దాన్ని సమర్పించవలసి ఉండేది. పాఠ్య ప్రణాళిక, బోధన-మూల్యాంకనం, పరిశోధన-విస్తరణ కార్యక్రమాలు, భవనాలు-గ్రంథాలయం వంటి వనరులు, విద్యార్థులకు అందే తోడ్పాటు-వారి పురోగతి, పరిపాలన, విలువలు-ఉత్తమ విధానాలు అనే ఏడు అంశాల్లో కళాశాల లెక్కలతో సహా జవాబులు ఇవ్వాలి. అనుబంధ కళాశాలకు మొత్తం 1000 మార్కుల్లో బోధన-మూల్యాంకనానికే 350 ఉంటాయి. భవనాలకూ వనరులకూ కలిపి 100 మాత్రమే. ఏసీ గదులూ పాలరాతి మెట్లూ చూపించి మురిపించేవారు ఎదురైనప్పుడు ఈ నిష్పత్తి గుర్తు తెచ్చుకోవలసింది.

కళాశాల ఇచ్చిన లెక్కలను న్యాక్ పత్రాలు అడిగి సరిచూస్తుంది. ప్రశ్నావళిని విద్యార్థుల ఈమెయిళ్లకే నేరుగా పంపి వారి అభిప్రాయం తీసుకుంటుంది. నేను చూసిన విధానంలో ఆ తర్వాత ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన అధ్యాపకుల బృందం కళాశాలకు వచ్చి తరగతులు, ల్యాబ్‌లు, రిజిస్టర్లు చూసి, విద్యార్థులతో, తల్లిదండ్రులతో, పూర్వ విద్యార్థులతో మాట్లాడేది. 2017 నుంచి మొత్తం మార్కుల్లో దాదాపు 70 శాతం లెక్కలతో తేల్చేవి కాగా, మిగిలిన 30 శాతం ఈ బృందం చూసి నిర్ణయించేవి. అన్నీ కలిపి 4కు వచ్చిన సగటును బట్టి గ్రేడు ఇచ్చేవారు: 3.01 నుంచి 3.25 వరకు ‘ఏ’, 2.76 నుంచి 3.00 వరకు ‘బీ ప్లస్ ప్లస్’, 3.51, ఆపైన వస్తే ‘ఏ ప్లస్ ప్లస్’, 1.50 దాటకపోతే అక్రిడిటేషన్ ఉండదు. 3.00కూ 3.01కీ మధ్య ఉన్నది నూరో వంతు మాత్రమే, కాని ఫ్లెక్సీ మీద అక్షరం మారిపోతుంది. అందువల్ల అక్షరం కన్నా అంకె అడగడం మంచిది. ఈ గ్రేడు సాధారణంగా అయిదేళ్లు చెల్లుతుంది. మధ్యలో ప్రతి సంవత్సరం నాణ్యతా నివేదిక పంపుతూ ఉండాలి.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూ, కొన్నేళ్లు అక్కడి నాణ్యతా విభాగానికి సమన్వయకర్తగా పనిచేశాను. న్యాక్ నివేదిక నా చేతుల మీదుగానే వెళ్లింది. ఆ పనిలో నేను సిగ్గుపడిన రోజూ ఉంది, సంతోషపడిన రోజూ ఉంది, రెండూ మీకు చెప్పాలి. బృందం రావడానికి వారం ముందు, ఎన్నడూ జరగని సమావేశాల మినిట్స్‌ను మూడేళ్లకు సరిపడా రాత్రికి రాత్రి రాయించారు. సిరా ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని వేర్వేరు పెన్నులు కొని తెచ్చారు. నేను వద్దన్నాను గాని ఆపలేకపోయాను. మరోవైపు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు మా విద్యార్థులు గొడ్డళ్లు పట్టుకుని వెళ్లి దారుల మీద పడిన చెట్లను తొలగించారు, వంటలు చేసి పెట్టారు. ఆ రోజుల్లో ఎవరికీ ఫొటో తీయాలన్న ఆలోచన రాలేదు. తేదీ, స్థలం నమోదైన ఫొటో లేదు కనుక అది నివేదికలో లెక్కకు రాలేదు. జరగని సమావేశానికి మార్కులు వచ్చాయి, జరిగిన సేవకు రాలేదు. అక్రిడిటేషన్ కొలిచేది పని జరిగిందన్న ఆధారాన్ని. ఆధారం నిజమైనప్పుడే ఆ కొలతా నిజమవుతుంది.

సంతోషపడిన సంగతి ఇది. విద్యార్థుల పురోగతి అనే అంశం కింద, డిగ్రీ పూర్తి చేసిన వారిలో ఎందరు పై చదువుకు వెళ్లారు, ఎందరు ఉద్యోగంలో చేరారు అని అడుగుతారు. లెక్క రాయడానికి కూర్చుంటే మా దగ్గర వాళ్ల ఫోన్ నంబర్లు కూడా సరిగా లేవని తెలిసింది. నేనూ మరో ఇద్దరు సహోద్యోగులమూ నెల రోజుల పాటు ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. కొందరు పైడిభీమవరంలోని మందుల పరిశ్రమల్లో చేరారు. కొందరు చెన్నై, హైదరాబాదుల్లో భవన నిర్మాణ పనుల్లో ఉన్నారు. బీఎస్సీ మంచి మార్కులతో పాసైన అమ్మాయిలు చాలామంది పెళ్లయి ఇళ్లలో ఉన్నారు, వాళ్లలో కొందరు పీజీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు ఎప్పుడు వస్తుందో తమకు ఎవరూ చెప్పలేదని అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మరుసటి ఏడాది నుంచి చివరి సంవత్సరం విద్యార్థులకు ప్రవేశ పరీక్షల తేదీలు చెప్పి, దరఖాస్తులు దగ్గరుండి నింపించే పని మొదలుపెట్టాం. న్యాక్ ఆ ప్రశ్న అడగకపోతే మేము ఆ ఫోన్లు చేసేవాళ్లం కాదు. ఒక కళాశాల తనను తాను నిజాయితీగా చూసుకోవడానికి అక్రిడిటేషన్ ఎంత ఉపయోగపడుతుందో నేను అప్పుడు తెలుసుకున్నాను.

ఈ వ్యవస్థలో తప్పులు లేవని నేను అనను. 2025 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోనే ఒక సంస్థకు అనుకూలమైన గ్రేడు ఇచ్చేందుకు లంచం తీసుకున్నారన్న ఆరోపణపై న్యాక్ పరిశీలన బృందం సభ్యులను సీబీఐ అరెస్టు చేసింది. అంతకు ముందే, 2024 జనవరిలో, గ్రేడ్ల స్థానంలో అక్రిడిటేషన్ ‘ఉంది’ లేదా ‘లేదు’ అని మాత్రమే చెప్పే పద్ధతి తెస్తామని, ఇంకా పైకి వెళ్లాలనుకునే సంస్థలకు అయిదు స్థాయిలు ఉంటాయని న్యాక్ ప్రకటించింది. అందువల్ల మీరు ఎవరి నోట ‘ఏ గ్రేడు’ అని విన్నా, అది ఏ సంవత్సరంలో ఇచ్చినది, ఎప్పటివరకు చెల్లుతుంది అని అడగడం తప్పనిసరి. గడువు తీరిన గ్రేడును ఫ్లెక్సీ మీద నుంచి తీయని కళాశాలలు ఉన్నాయి.

రెండో ఆయన చెప్పిన ఎన్‌బీఏ వేరే సంస్థ. దీన్ని ఏఐసీటీఈ 1994లో స్థాపించగా, 2010లో స్వయంప్రతిపత్తి పొందింది. న్యాక్ కళాశాల మొత్తాన్ని చూస్తుంది, ఎన్‌బీఏ ఒక్కొక్క కోర్సును విడివిడిగా చూస్తుంది. ‘మా కళాశాలకు ఎన్‌బీఏ ఉంది’ అన్న మాటకు అందుకే సరైన అర్థం లేదు. ఏ బ్రాంచికి ఉంది అన్నదే ప్రశ్న. మెకానికల్‌కూ సివిల్‌కూ ఉండి కంప్యూటర్ సైన్స్‌కు లేకపోవచ్చు. ఇంకొక సూక్ష్మం ఉంది, దీన్ని చాలామంది తల్లిదండ్రులు గమనించడం లేదు: కంప్యూటర్ సైన్స్‌కు ఎన్‌బీఏ ఉన్నంత మాత్రాన ‘కంప్యూటర్ సైన్స్ - ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’, ‘కంప్యూటర్ సైన్స్ - డేటా సైన్స్’ అనే పేర్లతో ఉన్న కోర్సులకు అది వర్తించదు. పేరు వేరైతే కోర్సు వేరు, వాటికి మళ్లీ రెండు బ్యాచ్‌లు బయటికి వెళ్లాక విడిగా దరఖాస్తు చేయాలి. ఆప్షన్ల జాబితాలో ఈ పేర్లు పక్కపక్కనే ఉంటాయి కనుక జాగ్రత్తగా చూడండి.

ఎన్‌బీఏ పరిశీలనలో ముఖ్యంగా చూసేది, ఒక్కొక్క సబ్జెక్టు చదివాక విద్యార్థికి ఏం చేయడం రావాలి అని కళాశాల ముందే రాసుకుందా, అది నిజంగా వచ్చిందో లేదో ఎలా తెలుసుకుంటోంది అన్నది. అధ్యాపకుల సంఖ్య, వారి అర్హతలు, ఎంతకాలంగా పనిచేస్తున్నారు అన్నవీ చూస్తుంది. ఫలితాన్ని బట్టి ఆరేళ్లకు గానీ మూడేళ్లకు గానీ అక్రిడిటేషన్ ఇస్తుంది, లేదా నిరాకరిస్తుంది. నా అభిప్రాయం అడిగితే, ఇంజినీరింగ్ విద్యార్థికి న్యాక్ గ్రేడు కన్నా తాను చేరబోయే బ్రాంచికి ఎన్‌బీఏ ఉండటం దగ్గరి విషయం. రెండో ఆయన ‘గొప్పది’ అన్న మాటలో ఆ మేరకు నిజం ఉంది. అయితే విదేశాల్లో చెల్లుతుందన్న ప్రచారం విషయంలో జాగ్రత్తగా ఉండండి. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014 జూన్‌లో శాశ్వత సభ్యత్వం పొందింది గాని, అది ఎన్‌బీఏ టైర్-1 (స్వయంప్రతిపత్తి గల సంస్థల విభాగం) కింద అక్రిడిటేషన్ పొందిన కోర్సులకే వర్తిస్తుంది. విశ్వవిద్యాలయ అనుబంధంతో నడిచే సాధారణ కళాశాలల కోర్సులు టైర్-2 కిందికి వస్తాయి.

మీ అమ్మాయికి వీటితో పని ఉందా అని అడిగారు. ఉంది, కాని మీరు విన్న విధంగా కాదు. గ్రేడు ఉద్యోగం ఇవ్వదు. కళాశాలకు మంచి గ్రేడు ఉంటే స్వయంప్రతిపత్తి హోదా రావడానికి, కేంద్ర నిధులు అందడానికి దారి ఉంటుంది. స్వయంప్రతిపత్తి వస్తే సిలబస్‌ను తానే మార్చుకుని, పరీక్షలు తానే నిర్వహించుకోగలదు. మంచి అధ్యాపకులు ఉన్న చోట ఇది విద్యార్థికి మేలు చేస్తుంది, లేని చోట మార్కులు ధారాళంగా పడతాయి గాని చదువు రాదు. వీటన్నిటికన్నా మీకు నేరుగా ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. అక్రిడిటేషన్ పుణ్యమా అని కళాశాల తన గురించి రాసుకున్న నివేదిక ఎవరైనా చదవగలిగేలా బయట ఉంటుంది. పీఆర్ఓ మీ అరుగు మీద కూర్చుని చెప్పిన మాటకు ఎవరూ జవాబుదారీ కాదు. ఎస్‌ఎస్‌ఆర్‌లో రాసిన ప్రతి అంకెకూ ప్రిన్సిపాల్ జవాబుదారీ.

కనుక మీ అమ్మాయిని ఫోన్‌లోనే ఈ పని చేయమనండి. న్యాక్ వెబ్‌సైటులో కళాశాల పేరు వెతికితే గ్రేడు, సగటు, గడువు తేదీ కనిపిస్తాయి. ఎన్‌బీఏ వెబ్‌సైటులో కోర్సు పేరు, చెల్లే సంవత్సరాలు ఉంటాయి. కళాశాల వెబ్‌సైటులో ఎస్‌ఎస్‌ఆర్, బృందం ఇచ్చిన నివేదిక తెరిచి, మొదట ఆ నివేదిక చివర ఉండే బలహీనతలు, సిఫారసులు చదవాలి. బయటివాళ్లు వచ్చి చూసి రాసిన మాటలు అవి. తర్వాత అధ్యాపకుల జాబితా చూడాలి. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం బీటెక్‌లో 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. ఏడాదికి 60 సీట్లున్న బ్రాంచిలో నాలుగేళ్లకు 240 మంది, అంటే 12 మంది అధ్యాపకులు. ఏడాదికి 180 సీట్లయితే 36 మంది కావాలి. కంప్యూటర్ సైన్స్ సీట్లు ఈ మధ్య ఎన్నో రెట్లు పెరిగాయి. 60 సీట్లున్నప్పుడు వచ్చిన అక్రిడిటేషన్‌ను చూపించి ఇప్పుడు అనేక సెక్షన్లు నడుపుతున్నారేమో, అధ్యాపకులు ఆ మేరకు పెరిగారో లేదో ఈ లెక్క చెబుతుంది.

జాబితాలో ఉన్న అధ్యాపకులు తరగతి గదిలో ఉన్నారో లేదో మాత్రం కాగితం చెప్పదు. మీ ఊరి నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి ఆ కళాశాలలకు వెళ్తున్న పిల్లలు కాలేజీ బస్సు దిగే చోట ఏదో ఒక సాయంత్రం దొరుకుతారు. రెండో సంవత్సరం, మూడో సంవత్సరం విద్యార్థులను పట్టుకుని, ఈ జాబితాలోని పేర్లు చదివి, వీరిలో మీకు పాఠం చెప్పిన వారెవరు, మధ్యలో వెళ్లిపోయిన వారెవరు, ల్యాబ్‌లో ఒక్కొక్కరికీ కంప్యూటర్ దొరుకుతుందా అని మీ అమ్మాయినే అడగమనండి. మీరు పక్కన నిలబడితే చాలు. మీ ఇంటి దగ్గరి కొత్త కళాశాల గురించి కూడా ఇవే ప్రశ్నలు అడగండి. అక్కడ చూపించడానికి నివేదిక లేదు కనుక, పిల్లల మాట మరింత శ్రద్ధగా వినవలసి ఉంటుంది. అక్కడి అధ్యాపకులు నిలకడగా ఉండి, ల్యాబ్‌లు నడుస్తూ ఉంటే, రోజూ ఇంటి నుంచి వెళ్లి వచ్చే వీలు, హాస్టల్ ఖర్చు లేకపోవడం కూడా మీ వంటి కుటుంబానికి చిన్న విషయాలు కావు. న్యాక్, ఎన్‌బీఏ లేవన్న ఒక్క కారణంతో దాన్ని జాబితాలోంచి తీసేయవద్దు.

ఆప్షన్లు ఖరారు చేసే గడువుకు ముందు ఈ పనికి మీకు రెండు మూడు సాయంత్రాలు సరిపోతాయి. పది వేలు అడిగిన ఆయన ఈలోగా మళ్లీ వస్తే, న్యాక్ ధ్రువపత్రం మీది గడువు తేదీ, కంప్యూటర్ సైన్స్‌కు ఎన్‌బీఏ పత్రం, ఈ ఏడాది అనుబంధ పత్రం — ఈ మూడింటి నకళ్లు తెచ్చి ఇవ్వమని చెప్పి పంపండి.